శివారు గదికి నెట్ అందాలంటే

మా ఇంట్లో నా పనిగది వంటింటి వెనక ఉంటుంది. ఒకప్పుడు అది సామాన్ల గది. బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, ఒక నులక మంచం ఉండేవి. 2020 లాక్‌డౌన్‌లో మా కంపెనీ అందర్నీ ఇంటి నుంచే పని చేయమంది. తలుపు వేసుకుంటే టీవీ మోత వినపడని చోటు ఇంట్లో అదొక్కటే. సామాన్లు మెట్ల కిందికి చేర్చి, అక్కడ బల్ల వేసుకున్నాను. నేను మెడికల్ కోడింగ్ చేస్తాను. కంపెనీ హైదరాబాద్‌లో, మేం తెనాలిలో. అమెరికాలో డాక్టర్లు రాసిన చార్టులు చదివి ఏ జబ్బుకి ఏ కోడో, ఏ చికిత్సకి ఏ కోడో వేయాలి. గంటకి ఇన్ని చార్టులని లెక్క ఉంటుంది.

పగలు పని సాఫీగా సాగేది. సాయంత్రం ఆరు దాటితే చాలు, టెన్షన్ మొదలయ్యేది. నా లాప్‌టాప్‌లో కనిపించేది కంపెనీ సర్వర్‌లో తెరిచిన స్క్రీను. ఇక్కడ నేనొక అక్షరం కొడితే అది అక్కడికి వెళ్లి పడి, దాని బొమ్మ తిరిగి నా దగ్గరికి రావాలి. దీనికి పెద్ద స్పీడు అక్కర్లేదు, వెళ్లి రావడానికి పట్టే సమయం తక్కువగా ఉంటే చాలు. షుగరు జబ్బుకి ఈ11.9 అని కొడతాను. ‘ఈ’ పడి ఆగిపోయేది. కొట్టానో లేదో అని మళ్లీ కొట్టేదాన్ని. మూడు సెకన్లయ్యాక అన్నీ ఒక్కసారిగా పడేవి: ఈ11.9ఈ11.9. చెరిపి మళ్లీ కొట్టాలి. ఒక్కో చార్టులో ఇలాంటివి పదో పదిహేనో కోడ్లు. నెలాఖరుకి నా లెక్క తగ్గేది. మేనేజర్ అడిగితే నెట్ బాగాలేదండీ అని చెప్పి చెప్పి, ఆ మాట చెప్పడానికే మొహం చెల్లని పరిస్థితి వచ్చింది.

మా వీధికి ఫైబర్ ఇంకా రాలేదు. రెండేళ్ల కిందట వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. మేడ మీద తెల్లటి డబ్బా ఒకటి టవర్ వైపు తిప్పి బిగించారు. దాన్నుంచి ఒక వైరు హాల్లోకి దిగింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు టీవీ వెనక ప్లగ్గు ఖాళీగా ఉందని రౌటర్ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మేమూ ఏమీ అనలేదు. ఆ ఒక్క కనెక్షన్ మీద నా లాప్‌టాప్, మా పాప డెస్క్‌టాప్, మా ఆయన షాపు లెక్కల లాప్‌టాప్, టీవీ, ఆరు ఫోన్లు బతకాలి.

నా ఇబ్బంది చూసి మా ఆయన ప్లాన్ పెంచారు. 30 నుంచి 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి అన్ని మెగాబిట్లు. మార్పేమీ లేదు. ఫిర్యాదు చేస్తే ఒకతను వచ్చి, రౌటర్‌కి మూరెడు దూరంలో నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి 94 చూపించాడు. “అంతా బానే ఉందండీ, మీ లాప్‌టాప్‌దే ఏదో ప్రాబ్లం” అన్నాడు. వెనక గదికి వచ్చి చూడమంటే వేరే ఇంటికి టైమైందని వెళ్లిపోయాడు.

ఆ మాటలన్నీ మావయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని వింటూనే ఉన్నారు. ఆయనకి నిజాంపట్నం దారిలో రెండెకరాల పొలం ఉంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో అది శివారు ఆయకట్టు, అంటే కాలువ చివర్న ఉన్న భూమి. కాలువ నీళ్ల కోసం ఆయన పడిన అవస్థ ఇంటిల్లిపాదికీ తెలుసు. “బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఏంటమ్మా, పైన తూములన్నీ బార్లా తెరిచి ఉంటే మన చేలోకి ఏమొస్తాయి? ముందు నువ్వు నీ చేలో నీళ్లు కొలుచుకో” అన్నారు. ఆయనకి రౌటర్ అంటే ఏంటో తెలియదు. కానీ ఏడాదిగా మాలో ఎవరికీ తట్టనిది ఆయనకే తట్టింది. మేం కొలిచిందంతా బ్యారేజీ దగ్గరే.

అప్పట్నించి నేను తెలుసుకున్నవీ చేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక కనెక్షన్ ఇంటిల్లిపాదీ పంచుకునేటప్పుడు ప్లాన్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది అన్నింటికన్నా దూరంగా ఉన్న గదిని. రౌటర్ ఎక్కడ పెడితే అక్కడి వాళ్ల పనికి పెద్ద పీట వేసినట్టే. చాలా ఇళ్లలో రౌటర్ టీవీ దగ్గర ఉంటుంది, చదువుకునే పిల్లలూ ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లూ వెనక గదుల్లో ఉంటారు. ఇది ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన పంపకం కాదు. ప్లగ్గు ఎక్కడుందో దాన్నిబట్టి జరిగిపోయింది. అందుకే దాన్ని మార్చమని అడగడానికి ఎవరూ మొహమాటపడాల్సిన పనిలేదు.

పాతరోజుల్లో ఈ పంపకం కళ్ల ముందే ఉండేది. 2010లో, పాప ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, ఈ ఇంట్లో పెన్‌డ్రైవ్ లాంటి డేటా కార్డు ఉండేది. హాల్లో పెద్ద కంప్యూటర్‌కి దాన్ని గుచ్చేవాళ్లం. మా మరిది ఇంజినీరింగ్ చదువుతూ, తన లాప్‌టాప్‌కి కూడా నెట్ కావాలని విండోస్ ఎక్స్‌పీలో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ పెట్టాడు. 1999లో విండోస్ 98 రెండో ఎడిషన్‌తో వచ్చిన సౌకర్యం అది. టిక్ పెడితే పెద్ద కంప్యూటర్ 192.168.0.1 అనే అడ్రసు తీసుకుని, వైరుతో కలిపిన రెండో కంప్యూటర్‌కి నెట్ అందించేది. పెద్దది ఆపేస్తే రెండోదానికీ పోయేది. దాంతో “వదినా, ఇంకో పావుగంట ఆపకు, ఫైల్ దిగుతోంది” అని అడిగేవాడు. నేను ఆగేదాన్ని. ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారో ఇద్దరికీ తెలిసేది. ఇప్పుడు ఆ పని రౌటర్ చేస్తుంది. ఇంటికి బయట ఒక్కటే అడ్రసు, లోపల పది యంత్రాలు. ఏ జవాబు ఎవరిదో రాసుకుని ఎవరిది వారికి చేర్చేస్తుంది. మధ్యలో ఎవరు ఎంతసేపు ఆగారన్నది మాత్రం ఎవరికీ కనపడదు.

మావయ్యగారు చెప్పినట్టు మొదట నా చేలో నీళ్లు కొలిచాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) తెరిచి పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కన రౌటర్ అడ్రసు ఇవ్వాలి. మా ఇంట్లో అది 192.168.1.1, మీ రౌటర్ కింద అంటించిన చీటీ మీద మీది ఉంటుంది. మనం పలకరిస్తే రౌటర్ ఎంతసేపటికి బదులిచ్చిందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది. ఈ పలకరింపు ఇల్లు దాటి బయటికి పోదు. కంపెనీకీ టవర్‌కీ దీంతో సంబంధం లేదు. హాల్లో సోఫా మీద కూర్చుని చేస్తే 2, 3, 2, 4 వచ్చాయి. అదే లాప్‌టాప్ వెనక గదికి తెచ్చి చేస్తే 38, 140, 11, 212, మధ్యలో ఒకసారి అసలు జవాబే లేదు. ఇంట్లోనే ఉన్న రౌటర్‌ని చేరడానికే ఇంత పడుతుంటే ప్లాన్ 100 అయితేనేం, 300 అయితేనేం? డబ్బు పెంచకముందే ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే ఏడాదిపాటు ఎక్కువ బిల్లు కట్టేవాళ్లం కాదు.

మాది పాత ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. టీవీ వెనకనుంచి నా బల్ల దాకా మూడు గోడలు, వాటి మధ్య ఇనప బీరువా. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్‌వి వేగంగా పనిచేస్తాయి కానీ గోడ దాటితే నీరసపడిపోతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌వి గోడలు కొంత మెరుగ్గా దాటుతాయి కానీ అక్కడ రద్దీ ఎక్కువ. లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోదగ్గ బ్యాండు అది. పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అందులోనే. ఒకదానికొకటి అడ్డు రాకుండా వాడుకోగల చానళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. మా వీధిలో ఆ మూడూ నిండిపోయి ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. ఒక చానల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మిగతా యంత్రాలు విని, గాలి ఖాళీ అయ్యాక మాట్లాడాలి. దగ్గరున్న ఫోన్ 300 ఎంబీపీఎస్ వేగంతో తన డేటా మూట దింపేసి పక్కకు తప్పుకుంటుంది. నా లాప్‌టాప్ సిగ్నల్ అందక 6కి పడిపోతే అంతే మూటకి యాభై రెట్ల సమయం గాలిని పట్టుకుని కూర్చుంటుంది. అంటే శివారు గదిలో నేను నష్టపోవడమే కాకుండా, నా మూలంగా హాల్లో వాళ్లూ ఆగుతున్నారు. అత్తయ్య సీరియల్ గిర్రున తిరుగుతూ ఆగిపోయినప్పుడల్లా అది టవర్ తప్పే అనుకున్నాం. చాలాసార్లు అది నా చార్టు కావచ్చు. చివరి గదికి వైరు వేయడమంటే ఆ గదిలో ఉన్న మనిషికి ఉపకారం చేసినట్టు అనుకుంటారు, అది అందరికీ పనికొచ్చే పని.

అందుకే నా వాదన ఇది. కదలని యంత్రాలన్నింటికీ వైరు వేయండి. గాలిని ఫోన్లకి వదిలేయండి. టీవీ కదలదు, రౌటర్ పక్కనే ఉంది, అయినా రెండేళ్లు వైఫై మీద నడిచింది. మీటరు ల్యాన్ కేబుల్ తెచ్చి దానికి గుచ్చాను. ఇంట్లో అన్నింటికన్నా ఎక్కువ డేటా లాగేది అదే కాబట్టి ఆ ఒక్క ముక్కతోనే గాలి సగం ఖాళీ అయినట్టనిపించింది. ఇంకేమీ చేయలేని వాళ్లు ఇదొక్కటైనా చేయండి.

నా గదికి పద్దెనిమిది మీటర్లు పట్టింది. క్యాట్ 6 రకం ల్యాన్ వైరు, మీటరు పాతిక రూపాయలు. దానిమీద కేసింగ్ పట్టీ, రెండు కనెక్టర్లు, ఎలక్ట్రీషియన్ కూలి. ప్లాన్ పెంచినందుకు నెలనెలా అదనంగా కట్టినదాన్ని ఏడాదికి లెక్కేస్తే, ఇదంతా అందులో చిన్న ముక్క. గుమ్మాల పైనుంచి పట్టీ వేయించి, వంటింటి కిటికీ పక్కన బెజ్జం కొట్టించి లోపలికి తీశాం. గుచ్చగానే పింగ్ ఒకటికి దిగింది. అయితే లాప్‌టాప్‌లో వైరు మీది వేగం 100 ఎంబీపీఎస్ అనే చూపించింది, వెయ్యి చూపించాలి. ఎలక్ట్రీషియన్ “నాలుగు వైర్లు చాలు మేడమ్, కెమెరాలకి అలాగే వేస్తాం” అన్నాడు. 100కి నాలుగు చాలన్నది నిజమే. వెయ్యికి ఎనిమిదీ కావాలి. నాకు 100 సరిపోతుంది కానీ ఆ వైరు చివర చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక వైరుని రెండు మూడు యంత్రాలకి పంచే డబ్బా) పెట్టి పాప డెస్క్‌టాప్ కూడా దానిమీదే నడపాలని నా ఆలోచన. మళ్లీ క్రింపింగ్, అంటే తీగలకి కనెక్టర్ నొక్కి బిగించడం, చేయించాను. నేను ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడితే, అతను ఎనిమిది తీగల్నీ వేళ్లతో సాఫుచేసి వరసగా పేర్చాడు: నారింజ చారది, నారింజ, ఆకుపచ్చ చారది, నీలం, నీలం చారది, ఆకుపచ్చ, గోధుమ చారది, గోధుమ. రెండు కొసలా అదే వరస. కటక్‌మని నొక్కాడు. ఈసారి వెయ్యి వచ్చింది. డబ్బు తక్కువ తీసుకుంటానన్నాడు, నేనే పూర్తిగా ఇచ్చాను. అతనూ ఇప్పుడు అందరిళ్లలో ఎనిమిదీ వేస్తున్నాడట.

రౌటర్‌ని కూడా టీవీ వెనకనుంచి తీసి, హాలుకీ వంటింటికీ మధ్య నడవలో గోడకి ఆరడుగుల ఎత్తులో బిగించాం. ఇప్పుడు ఏ గదిలో ఫోన్ పట్టుకున్నా రెండు గోడలకి మించి లేవు.

ఇంత చేశాక కూడా సాయంత్రం ఆ మూడు సెకన్లు పూర్తిగా పోలేదు. రౌటర్ దాకా పింగ్ ఒకటే వస్తోంది, బయటి సర్వర్‌కి మాత్రం ఒక్కోసారి రెండు వేలు దాటుతోంది. ఎప్పుడు వస్తోందో కాగితం మీద టైము రాసుకుంటే వారంలో దొరికింది. మా మరిది ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన పది నిమిషాలకి. అతని ఫోన్ వైఫై అందుకోగానే ఆ రోజు తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. తప్పు అతనిది కాదు, ఫోన్ దానంతటదే చేస్తుంది.

వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్‌లో అప్‌లోడ్ సన్నగా ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీని రావడానికీ పోవడానికీ వంతులేసి వాడతారు, ఆ వంతుల్లో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే. పైగా టవర్‌కున్న బలం మేడ మీద డబ్బాకి ఉండదు. సాయంత్రం మాకు అప్‌లోడ్ 6 ఎంబీపీఎస్ వస్తుంది. ఎనిమిది మెగాబిట్లైతే ఒక ఎంబీ, అంటే సెకనుకి ముప్పావు ఎంబీ. 450 ఎంబీ పెళ్లి వీడియో ఒకటి వెళ్లాలంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ డబ్బా ముందు మూటలు పోగుపడతాయి. రెండు ఎంబీలు పోగుపడి ఉన్నప్పుడు నేను కొట్టిన ఒక్క అక్షరం వెళ్లి ఆ క్యూ చివర నిలబడితే, దాని వంతు రావడానికి రెండున్నర సెకన్లకి పైనే పడుతుంది. నా ఈ11.9 ఎక్కడ ఆగిపోతోందో అప్పుడు అర్థమైంది.

ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజినీరు 2010 ప్రాంతంలో దీన్ని తన ఇంట్లోనే గమనించి లోకానికి చెప్పాడు. క్యూ మరీ పెరగకుండా చూసే పద్ధతి ఒకటి 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కలిసి తయారుచేశారు. మంచి రౌటర్లలో అది ఇప్పుడు ఉంటుంది. మాకిచ్చిన రౌటర్‌లో లేదు, కాకపోతే బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనే పేజీ ఉంది. మొత్తం అప్‌లోడ్‌ని 5 దగ్గర ఆపాను. సాయంత్రం వచ్చే 6కి కొంచెం తక్కువ. ఆ తక్కువే ముఖ్యం. అప్పుడు క్యూ మేడ మీద డబ్బా దగ్గర కాకుండా నా చేతిలో ఉన్న రౌటర్ దగ్గర ఏర్పడుతుంది, అక్కడ నా లాప్‌టాప్‌కి ముందు వరస ఇచ్చుకోవచ్చు. మా మరిది ఫోన్‌లో బ్యాకప్ రాత్రి పదకొండు తర్వాత జరిగేలా పెట్టమని అడిగితే, “ముందే చెప్పొచ్చు కదా వదినా” అని అప్పటికప్పుడే మార్చేశాడు. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి పింగ్ 40, 50 మధ్య ఉంటోంది. కోడ్ కొడితే కోడ్ పడుతోంది.

వేసవిలో ఇంకో సంగతి బయటపడింది. కరెంటు పోతే రౌటర్ ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. మేడ మీద డబ్బాకి కరెంటు పంపే చిన్న అడాప్టర్ వేరే ప్లగ్గులో ఉంది, దానికి ఇన్వర్టర్ లైను లేదు. పది రూపాయల పని, రెండు నెలలు తెలుసుకోలేకపోయాం. మీకూ ఇలాంటి కనెక్షనే ఉంటే ఆ అడాప్టర్ ఎక్కడుందో ఒకసారి చూడండి.

ఇంటి బయటికి పంచే విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. పక్కింటి అబ్బాయి పాస్‌వర్డ్ అడిగాడు. బయటికి కనిపించే అడ్రసు ఒక్కటే, అది మా ఆయన పేరు మీద ఉంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిలు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంట్లోని వైఫై మీదుగా వెళ్లిందని తేలి, అతను ఎంత ఇబ్బంది పడ్డాడో అప్పట్లో పేపర్లలో చదివాం. అందుకే పాస్‌వర్డ్ ఇవ్వలేదు. పరీక్షలప్పుడు వచ్చి మా హాల్లో కూర్చుని చదువుకోమన్నాను. వస్తున్నాడు.

ఇంత శ్రమెందుకు, ఎవరి ఫోన్‌లో వాళ్లకి 5జీ ఉందిగా, హాట్‌స్పాట్ పెట్టుకోమనే వాళ్లున్నారు. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఎనిమిది గంటల షిఫ్టుకి ఫోన్ చార్జర్‌కే అతుక్కుని కాలిపోయేది, ఫోన్ వస్తే ఎత్తి మాట్లాడటానికి బయటికి తీసుకెళ్లలేను. రోజుకి రెండు జీబీ అయిపోతే అక్కడితో పని ఆగేది. పదో తరగతి దాటని పిల్లలకి, ముసలివాళ్లకి ఎవరి రీచార్జి వాళ్లే చూసుకోండని చెప్పలేం. వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనుక్కోమన్న వాళ్లూ ఉన్నారు. చవక రిపీటర్ విన్న ప్రతి మాటనీ అదే చానల్‌లో రెండోసారి చెబుతుంది కాబట్టి గాలిని రెండింతలు వాడుతుంది. గుర్తు మీద గీతలు నిండుగా కనిపిస్తాయి, స్పీడు సగమవుతుంది. అద్దె ఇళ్లలో గోడకి బెజ్జం కొట్టనివ్వరు, వాళ్లకి మంచి మెష్ సెట్టు (గదుల్లో అక్కడక్కడ పెడితే కలిసి పనిచేసే రౌటర్లు) తప్పదు, ఒప్పుకుంటాను. ఉద్యోగం ఒక్క కనెక్షన్ మీదే ఆధారపడిన వాళ్లు రెండోది పెట్టించుకోవడంలోనూ అర్థం ఉంది, టవర్ పాడైతే వైరు ఏమీ చేయలేదు. అయితే ఆ రెండో రౌటర్‌ని కూడా మొదటిదాని పక్కనే టీవీ వెనక పెడితే వెనక గదికి ఒరిగేదేమీ లేదు.

పోయిన నెల మా ప్లాన్‌ని మళ్లీ 30కి దించేశాం. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఈ ఆదివారం రేపల్లెలో మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాం. వాళ్లబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఆన్‌లైన్ టెస్టు మధ్యలో రెండుసార్లు బయటికి వచ్చేసిందట. వాళ్లూ ప్లాన్ పెంచుదామనుకుంటున్నారు. ముందు పింగ్ చేసి పంపమన్నాను. హాల్లో 3, వాడి గదిలో 170. మావయ్యగారు కూడా వస్తానన్నారు, ఎలాగూ పొలం ఆ వైపే. హాలు నుంచి వాడి బల్లకి ఆడపడుచు టేపు పెట్టి కొలిస్తే 22 మీటర్లు వచ్చింది. నేను 30 మీటర్ల వైరు తీసుకున్నాను, గుమ్మాల చుట్టూ తిప్పేటప్పుడు ఎక్కువే పడుతుంది.